మా చిన్నతమ్ముడి నల్ల తెర

ఆ పొద్దు కూడా ఎప్పటిలాగే తెల్లవారింది. గడప కడిగి ముగ్గు పెట్టాను. తులసమ్మకు నీళ్ళు పోశాను. పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపల గోవింద నామాలు చదువుకోవడం నాకు అలవాటు. మా ఇల్లు తిరుపతిలో అలిపిరికి పోయే దారిలో ఉంది. కాలినడకన కొండెక్కేవాళ్ళు ఆ వేళకే మా వీధిలో నడుస్తూ ఉంటారు. ఆ రోజు ఒక తమిళ కుటుంబం మా మెట్ల మీద కూర్చుని చెప్పులు సంచిలో సర్దుకుంటోంది. వాళ్ళలో పెద్దామె మంచినీళ్ళు అడిగింది. చెంబుతో తెచ్చి ఇచ్చాను. ఆమె తాగి, చెంబు తిరగేసి నా చేతికి ఇచ్చి, నమస్కారం పెట్టింది. లోపల పాలు పొంగిన వాసన వచ్చింది. పొయ్యి ఆర్పి గట్టు తుడుస్తుంటే ఫోను మోగింది. మా చిన్నతమ్ముడి భార్య.

"వదినా," అంది.

"చెప్పమ్మా," అన్నాను.

"పలకలేదు వదినా. కుర్చీలోనే ఉండాడు. ఎంత పిలిచినా పలకలేదు."

అతనికి యాభై ఇంకా నిండలేదు. రేణిగుంటలో ఒక సరుకుల గోడౌనులో కంప్యూటరు పని. ఆ పొద్దున స్నానం చేసి, ఇడ్లీ తిని, చొక్కా గుండీలు పెట్టుకుంటూ "ఒక్క నిముషం" అని తన మిషను ముందు కూర్చున్నాడట. గుండె ఆగింది అన్నారు డాక్టరు. బాధ తెలిసి ఉండదు అని కూడా అన్నారు. ఆ రెండో మాటకు నేను సామికి దండం పెట్టుకున్నాను.

మిషను అంటే అతని కంప్యూటరు. మా పుట్టిల్లు నగరిలో, మగ్గాల ఇల్లు. కరెంటుతో ఆడేదాన్ని దేన్నయినా మేము మిషను అనే అంటాం. అతను పోయిన తర్వాత, పెద్దకర్మ నాటి సాయంత్రం, ఇంట్లో తేలవలసిన మాట ఒకటే మిగిలింది. ఆ మిషనును ఉన్నట్టే ఉంచాలా, లోపల అతను చేసిందంతా చెరిపెయ్యాలా అని. ఆ సంగతి చివర చెబుతాను. అతను ఎలాంటివాడో తెలియకపోతే, ఇంత చిన్న మాటకు ఇంటిల్లిపాదీ అంతగా ఎందుకు కొట్టుమిట్టాడిందో మీకు అర్థం కాదు.

మీలో కొందరికి లినక్స్ అన్న పేరు తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళకు నాకు తెలిసినంత చెబుతాను. కంప్యూటరు కొంటే దాన్ని నడిపే వ్యవస్థ ఒకటి దాంతోపాటే వస్తుంది. లోకంలో చాలామంది దాన్నే వాడుకుంటారు. అది వద్దనుకునేవాళ్ళు కొందరు ఉంటారు. వాళ్ళు దాన్ని తీసేసి ఈ లినక్స్ ఎక్కించుకుంటారు. దానికి డబ్బు కట్టనక్కరలేదు. లోపల ఏదైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. చిక్కంతా ఆ చివరి మాటలో ఉంది. మార్చుకోవచ్చు అన్నాక మా తమ్ముడు ఆగేవాడు కాడు.

ఇది మొదలైంది చిత్తూరులో. అప్పుడు మా కాపురం అక్కడ. అతను మా ఇంట్లో ఉండి పాలిటెక్నిక్ చదివేవాడు. ఆదివారాలు దగ్గర్లో ఉన్న ఇంటర్నెట్ సెంటరులో కూర్చునేవాడు. ఏదో పత్రికతో పాటు ఉచితంగా ఇచ్చిన లినక్స్ సీడీ ఒకటి అతని చేతికి వచ్చింది. దాన్ని ఆ సెంటరులో ఒక మిషనులో పెట్టి చూశాడు. మర్నాడు పొద్దున్నే సెంటరు యజమాని మా గుమ్మంలో ఉన్నాడు.

"ఏమ్మా, మీ తమ్ముడు ఉండాడా? నా మిషన్లో ఏం జేసినాడో అడగాల. తెర మీద ఏదో బాతు వచ్చి కూర్చొనుండాది. నా బొమ్మలన్నీ మింగేసినట్టుండాది."

మా తమ్ముడు పళ్ళపొడి చేత్తోనే బయటికి వచ్చాడు. "బాతు కాదు సార్, పెంగ్విన్. లినక్స్ గుర్తు."

"ఏదైతే ఏమప్పా, లేపు దాన్ని!"

లేపాడు. సాయంత్రానికల్లా మిషను మామూలుగా ఆడింది. యజమాని అతన్ని మాన్పించలేదు. బాతు మళ్ళీ వస్తే లేపేవాళ్ళు ఇంకెవరున్నారు? నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, తిట్లు తిన్న ఆ పొద్దున అతని మొహంలో కనబడిన సంతోషం. లోపలికి వచ్చి నాతో, "అక్కా, అది మొత్తం విప్పదీసి మళ్ళా కట్టొచ్చు, తెలుసునా?" అన్నాడు. నాకు తెలియదు. తెలిసి ఏం చెయ్యాలో కూడా తెలియలేదు. కానీ అతని కళ్ళు చూసి, అందులో ఏముందో అని నాకూ అనిపించింది. ఆ అనిపించడం ఇప్పటికీ పోలేదు.

పెళ్ళయిన కొత్తల్లో మా మరదలు నా దగ్గరికి వచ్చి, వంటింట్లో పీట మీద కూర్చుని మెల్లగా మొదలుపెట్టింది.

"వదినా, మీ తమ్ముడు ఇంట్లో గూడా ఆఫీసు పనే చేస్తాడని మా నాయనతో గొప్పగా చెప్పుకుంటిని. పని గాదంట."

"మరి?"

"పని చేసుకునేదానికి తయారు చేస్తా ఉండాడంట."

"తయారైనాక ఏం చేస్తాడంట?"

"అదే అడిగితిని. ముందు తయారు గానీ అంటాడు."

ఆ తయారు కావడం అతని ఆయుష్షు ఉన్నంతకాలం సాగింది. అక్షరాల ఆకారం ఒక వారం బాగుండేది. తర్వాత వారం 'క' తలకట్టు కొంచెం ఎక్కువ వంగింది అనేవాడు. తెర మీద అందరికీ ఉండే బొమ్మలు ఉండేవి కావు. వాటన్నిటినీ తీసేశాడు. తెరిస్తే నల్లగా, అమావాస్య ఆకాశం మాదిరి ఉండేది. అతను ఏదో రెండు మీటలు నొక్కితే ఒక కిటికీ తెరుచుకునేది. ఇంకోటి నొక్కితే మొదటిది పక్కకు జరిగి రెండోదానికి చోటిచ్చేది. "చూసినావా అక్కా, ఒకదాని మీద ఒకటి ఎక్కవు. మర్యాదగా సర్దుకొని కూర్చుంటాయి," అనేవాడు. పెళ్ళి బంతిలో విస్తళ్ళు వేసినట్టు ఉండేది నాకు.

మా నడిపి తమ్ముడు నగరిలో మరమగ్గాలు నడుపుతాడు. తాడు తెగినా తనే ముడేసుకునే మనిషి. అతనికి ఇదంతా ఒళ్ళుమంట.

"మగ్గం సిద్ధం చేసుకునేదానికి మాకు గూడా టైము పడుతుందిరా. పడుగు ఎక్కిస్తాం, పోగులు అతుకుతాం. కానీ తర్వాత చీర దిగుతాది. నీ మగ్గం మీద చీర ఎప్పుడు దిగుతాది?"

"మగ్గమే చీర అనుకోన్నా."

"మగ్గాన్ని కట్టుకొని తిరుగుతాదంట్రా నీ పెళ్ళాం!"

ముగ్గురం నవ్వుకున్నాం. మా మరదలు నవ్వలేదు. ఆమె దానికి సవతి అని పేరు పెట్టింది. పొద్దున కాఫీ ఇస్తూ "సవతి లేచిందా?" అని అడిగేది. "లేచింది, కానీ ముక్కు దిబ్బడ వేసింది" అనేవాడు అతను. అంటే ఆ రోజు శబ్దం రావడం లేదని అర్థం.

మీటల పలక సంగతి కూడా చెప్పాలి. అందులో అక్షరాలు వరుసగా లేవని అతనికి ఎప్పుడూ కోపం. ఏ వేలికి ఏ అక్షరం సులువో తానే చూసుకుని చోట్లు మార్చాడు. తర్వాత మీటల మీద రాసి ఉన్న అక్షరాలనే తీసేశాడు. వట్టి నల్ల మీటలు. "అక్షరం కనిపిస్తే కన్ను చూస్తాదక్కా. చెయ్యి నేర్చుకోదు" అని అతని మాట. దాని ఫలితం ఏమిటంటే ఇంట్లో ఇంకెవ్వరూ దాన్ని వాడలేకపోయారు. ఒకసారి మా మరదలు పాలవాడి నంబరు అందులో రాసుకుందామని కూర్చుంది. వచ్చింది చదివి, లేచి, వంటింట్లో గోడ మీద పెన్సిలుతో రాసుకుంది. కూతురు మాత్రం ఆ మీటలు సగం నేర్చుకుంది. కాలేజీలో మామూలు మిషను ఇస్తే చేతులు తడబడేవట. "నాయనా, నన్ను లోకానికి పనికిరాకుండా చేస్తివి" అని ఆ పిల్ల అంటే, "లోకాన్నే మన వేళ్ళకు పనికొచ్చేటట్టు చేసుకుందాంలే పాపా" అన్నాడు. అది సమాధానం కాదు. కానీ ఆ పిల్లకు అది చాలింది.

మా అమ్మ ఉన్నప్పుడు ఆయుధ పూజకు అందరం నగరిలో చేరేవాళ్ళం. మగ్గాలన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. అతను తన మిషనును సంచిలో పెట్టుకుని వచ్చి మగ్గాల వరుస చివర ఒక పీట మీద పెట్టేవాడు. దాని మూత మీద ఆ పెంగ్విన్ బొమ్మ అంటించి ఉండేది. ఒక ఏడాది అమ్మ కుంకుమ గిన్నె పట్టుకుని వచ్చి దాని ముందు ఆగింది.

"ఏ సామి వాహనం నాయనా ఇది?"

"దీనికి సామి లేడమ్మా. వట్టి వాహనమే. ఎవురైనా ఎక్కొచ్చు."

అమ్మ ఒక క్షణం ఆలోచించి, దాని తెల్లని పొట్ట మీద బొట్టు పెట్టింది. "సామి లేకపోతే మరీ జాగ్రత్తగా చూసుకోవాల" అంది. ఆ మాట వేళాకోళమో వేదాంతమో నాకు తెలియలేదు. అతను మాత్రం ఆ బొట్టును చాలా రోజులు తుడవలేదు.

అందరికీ గుర్తుండిపోయింది దర్శనం టిక్కెట్ల నాటి సంగతి. కుటుంబమంతా కలిసి కొండకు పోదామనుకున్నాం. టిక్కెట్లు ఆన్‌లైన్లో వదిలే పొద్దున అందరం రేణిగుంటలో అతని ఇంట్లో చేరాం. నడిపి తమ్ముడు తన ఫోను తీస్తే అతను అడ్డం పడ్డాడు.

"లోపల పెట్టన్నా దాన్ని. నా మిషను కంటే ముందర ఏదీ తెరుచుకోదు."

మేము పళ్ళు, కాఫీలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఇంకా కాస్త సమయం ఉంది. ఆ కాస్త సమయమే కొంప ముంచింది. మిషనుకు కొత్త సరుకు, అదే అప్‌డేట్, వచ్చిందని, చిటికెలో ఎక్కించేస్తానని అన్నాడు. ఎక్కించాడు. తెర నల్లగా అయింది. ఆ తెర ఎప్పుడూ నల్లగానే ఉంటుంది కాబట్టి మాకెవరికీ ఏమీ తెలియలేదు. అతని మొహం చూసి తెలుసుకున్నాం.

"ఏమిరా, సామి తలుపులేసుకున్నాడా?" అన్నాడు నడిపి.

"సామి కాదన్నా. గ్రాఫిక్స్."

"ఆయన యాడ ఉంటాడో చెప్పు, ఆయనకే దండం పెట్టుకుంటాం!"

అందరూ ఫోన్లు వెతుక్కుని తెరిచేసరికి టిక్కెట్లు అయిపోయాయి. సరే, నడిచి పోదాం, అందరితోపాటు లైనులో నిలబడదాం అన్నాను. అలిపిరి మెట్లెక్కుతూ అతను ఎవరితోనూ మాట్లాడలేదు. బాధపడుతున్నాడనుకుని నేను పక్కన నడిచాను. పైన లైనులో, చాలాసేపటికి, ఇనుప కమ్మీల మధ్య నిలబడి ఉండగా ఒక్కసారిగా "దొరికిందక్కా!" అని అరిచాడు. ముందున్నవాళ్ళు దర్శనం మొదలైందనుకుని "గోవిందా!" అన్నారు. వెనకున్నవాళ్ళు అందుకున్నారు. ఆ గోవింద నామం లైను చివరిదాకా పోయింది.

దొరికింది దర్శనం కాదు. మిషను ఎందుకు ఆగిందో, ఆ కారణం.

"టిక్కెట్లు పోయినందుకు బాధ లేదా నీకు?" అన్నాను.

"ఉండాదక్కా. అన్న ముందర, మీ అందురి ముందర తలకొట్టేసినట్టుండాది. కానీ చెడిపోతే గదా లోపల ఏముండాదో తెలిసేది."

సామి ఎదుట నిలబడగానే నేను కళ్ళు మూసుకుంటాను. అది నా అలవాటు. అతను మాత్రం రెండు కళ్ళూ విప్పార్చి చూసేవాడు. బయటికి వచ్చాక "దీపం ఏ పక్క నుంచి వెలుగు కొడుతుందో చూస్తినక్కా" అన్నాడు. భక్తి లేదని మా నడిపి తమ్ముడు అతన్ని ఎగతాళి చేసేవాడు. నేను అనలేదు. చూడటం కూడా ఒక భక్తేమో. నాకు తెలియదు. ఆ లోపలి వెలుగును నేను ఎన్నోసార్లు పోయి కూడా చూడలేదన్నది మాత్రం నిజం.

నాకు కంటిచూపు తగ్గినప్పుడు అతను ఒక పాత మిషను తెచ్చి నా పూజ గదిలో పెట్టాడు. సహస్రనామం పెద్ద అక్షరాలతో అందులో పెడతానన్నాడు. పెట్టేసి పోతాడనుకున్నాను. పోలేదు.

"అక్కా, నువ్వు చదువుతా ఉంటే నేను పక్కన కూర్చోవచ్చునా?"

"ఎందుకురా?"

"నువ్వు ఊపిరి యాడ తీస్తావో చూస్తా."

వరసగా కొన్ని ఆదివారాలు వచ్చి కూర్చున్నాడు. గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. నేను ఊపిరి తీసుకునే చోటల్లా పంక్తి విరిచాడు. ఒక వారం నాకు జలుబు చేసి ఊపిరి త్వరగా అయిపోతుంటే, పంక్తులన్నీ తప్పాయని మళ్ళీ మొదటి నుంచి చేశాడు. జలుబు తగ్గాక ఇంకోసారి. చివరికి ఏ మీట నొక్కినా తర్వాతి పుట వచ్చేటట్టు అమర్చాడు.

"వెనక్కి పోవాలంటే?" అన్నాను.

"వెనక్కెందుకక్కా? సామి పేరే గదా. అయిపోతే మళ్ళా మొదట్నించి చదువు."

ఇప్పటికీ రోజూ దాన్నే చదువుతున్నాను. ఏ నామం దగ్గర నాకు ఊపిరి అందదో తెలిసిన మనిషి ఈ లోకంలో ఇంకొకరు లేరు.

ఇక పెద్దకర్మ నాటి సాయంత్రం.

రేణిగుంటలో తమ్ముడి ఇంట్లో చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళిపోయారు. నేను, నడిపి తమ్ముడు, మరదలు, ఆమె కూతురు మిగిలాం. ఇంకో ఇద్దరు మగవాళ్ళు కూడా ఉన్నారు. మధ్యాహ్నం వచ్చి, బంతిలో చివర కూర్చుని తిని, పోకుండా వరండాలో నిలబడ్డారు. ఒకాయన చిత్తూరులో కాలేజీ ల్యాబులో పని చేస్తాడు. రెండో ఆయనది శ్రీహరికోటకు ఇవతల ఊళ్ళో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి. ఇద్దరికీ లినక్స్ పిచ్చే, మా తమ్ముడితో ఎన్నో ఏళ్ళుగా ఇంటర్నెట్టు రాతల్లోనే స్నేహమట. ఒకరి మొహం ఒకరు ఎరగరు. దండ వేసిన ఫోటో ముందు నిలబడి చిత్తూరాయన "అన్న ఇట్ల ఉంటాడా" అన్నాడు. తర్వాత తల దించుకున్నాడు.

మాట ఎత్తింది నడిపి.

"అక్కా, నువ్వే చెప్పాల. పాపకు ఈ ఏడాది కాలేజీలో రోజూ కంప్యూటరు కావాల. ఇంట్లో ఉండే మిషను ఎవురికీ పనికి రాదు. మొత్తం చెరిపించేసి అందురూ వాడేది ఎక్కిద్దాం. నగిర్లో తెలిసిన పిల్లోడుండాడు, చేసిస్తాడు."

"వొద్దు పెద్దనాయనా," అంది మేనకోడలు. "మా నాయన చేసింది అదొగటే గదా."

"నీకు వాడేదానికి వస్తాదా?"

"తెరిచేదానికి వస్తాది. తర్వాత సగమే తెలుసు."

"సగం తెలిసిన మగ్గం మీద ఎవురన్నా కూర్చుంటారా పాపా?"

మరదలు అంతవరకు గోడ వైపు చూస్తూ ఉంది. "చెరిపెయ్యండి వదినా," అంది నాతో. "దాని ముందరే పోయినాడు. ఆ తెర నేను చూడలేను. ఇంట్లోనే వొద్దు."

కూతురు ఏడవలేదు. తల్లి చెయ్యి పట్టుకుంది. ఒకరిది కంటికి కనబడకూడదన్న బాధ, ఇంకొకరిది కనబడకుండా పోతుందన్న బాధ. ఇద్దరిదీ న్యాయమే. మనసులో నామం చెప్పుకుంటూ కూర్చున్నాను.

అంగడాయన గుమ్మం దగ్గర నుంచి మెల్లగా అడిగాడు. "అమ్మా, చెరిపే ముందర మేము ఒక్కసారి చూడొచ్చునా?"

మరదలు చూసుకోమన్నట్టు తలాడించి, తాను వెనకే నిలబడిపోయింది. పిల్ల వెళ్ళి తెరిచింది. నల్ల తెర. రెండు మీటలు నొక్కింది. ఒక కిటికీ వచ్చింది. ఇంకోటి వచ్చి దాని పక్కన ఒదిగింది. ఆ ఇద్దరు మగవాళ్ళూ తామెక్కడున్నారో మరిచిపోయారు.

"అబ్బా! ఏం పెట్టినాడప్పా!"

"కిటికీకీ కిటికీకీ నడాన ఆ ఖాళీ సూడు. నేనైతే ఇంకా తగ్గిస్తా."

"నీది అగ్గిపెట్టె మాదిరి ఉంటాదిలే."

"నీది గొడ్లసావిడి గదా, నీకేం తెలుస్తాది?"

"ఊరుకోప్పా, సావింట్లో!"

ఇద్దరూ ఒక్కసారి మా వైపు తిరిగి చేతులు జోడించారు. మరదలి మొహంలో ఏదో సడలింది. "కొట్లాడుకోండన్నా," అంది. "ఆయన గంటలు గంటలు కొట్లాడేది మీతోనేనా?"

"మాతోనేమ్మా," అన్నాడు అంగడాయన.

అప్పుడు చిత్తూరాయన ఒక సంగతి చెప్పాడు. మా తమ్ముడు ఇన్నేళ్ళు చేసిన మార్పులన్నీ కొన్ని చిన్న చిన్న రాతల ఫైళ్ళలో ఉంటాయట. అన్నీ కలిపినా ఫోనుతో తీసిన ఒక్క ఫోటో అంత ఉండవట. వాటిని తీసి పెట్టుకుంటే చాలు, ఏ మిషనులో వేసినా ఇదే తెర, ఇదే సర్దుబాటు మళ్ళీ వస్తుందట.

"ఇంతేనా?" అంది మరదలు. "ఇన్నేండ్లూ ఇంతేనా?"

సామి నామం బరువెంత అని నాలో నేను అనుకున్నాను.

"అట్లయితే తీసి పెట్టుకోండి," అన్నాడు నడిపి. "పాప మాట నిలబడుతుంది, మిషనూ ఖాళీ అవుతుంది."

మరదలు వినడం లేదు. తెర వైపు చూస్తోంది. ఒక్కడుగు ముందుకు వేసింది.

"ఆ అంచేంది, అట్ల బూడిద రంగులో?"

కిటికీల చుట్టూ సన్నగా ఒక గీత ఉంది. అంతవరకు మేమెవరం గమనించలేదు.

"అది అన్న పెట్టింది కాదమ్మా," అన్నాడు చిత్తూరాయన, దగ్గరికి వంగి చూసి. "మొదట్నించీ దాంతో వచ్చిందే. అన్నీ మార్చినాడు గానీ దీన్ని మాత్రం ముట్టుకోలేదు."

"ఎందుకు?"

"తెలీదమ్మా."

చీరల ఇంటి మనిషి, అన్నిటినీ మార్చినవాడు, అంచును ఎందుకు వదిలేశాడు? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తెలియలేదు. ఇక తెలియదు.

"ఏ చీరకూ ఉండదు అట్లాంటి అంచు," అంది మరదలు.

ఒక ఫైలు తెరిచి, ఫలానా ఆరు అక్షరాలు మారిస్తే అంచు రంగు మారుతుందని చిత్తూరాయన పిల్లకు చూపించాడు. ఆ పిల్ల మార్చింది. అంచు ఎర్రగా భగ్గుమంది.

"ఛీ, మిరపకాయలు ఆరబోసినట్టుండాది," అంది తల్లి.

"నీలం కలపాల," అన్నాడు నడిపి, మిషను చెరిపెయ్యాలన్న మనిషి. పిల్ల కలిపింది. "అంత గాదు. అది సిరా." తగ్గించింది. "ఆఁ, ఆ పక్కకే రా. ఉండు."

మగ్గాల దగ్గర పని చేసేవాళ్ళ చొక్కాలకు నూలు ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. నడిపి తన మోచెయ్యి తడుముకుని ఒక పోగు తీశాడు. వంగపండు రంగు. దాన్ని రెండు వేళ్ళతో సాగదీసి తెర మీద అంచు పక్కన పట్టాడు.

"ఇది. ఇది రావాల."

"ఇంకా ముదురుండాల బావా," అంది మరదలు. సరిగా కనబడటం లేదని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏ కుర్చీలో కూర్చుందో ఆమె చూసుకోలేదు. మేము చూశాం.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. ముదురు అయితే నల్లతెరలో కలిసిపోతోందని అంగడాయన. లేతయితే దిష్టి తగిలినట్టుందని నడిపి. పోగుకు వెలుగు లేదు, తెరకు ఉంది, రెండూ ఎట్లా కలుస్తాయి అని చిత్తూరాయన. పిల్ల ఆ రాయని మీటల మీద వేళ్ళు ఆడిస్తూనే ఉంది. మొదట్లో తడుముకుంది. పోను పోను చూడకుండా కొట్టింది. వాళ్ళ మాటలు వింటూ నాకు అనిపించింది: ఇంట్లో ఇంతమంది ఇన్నేళ్ళు నవ్వుకున్న పని ఇదే కదా, ఇప్పుడు అందరూ కూర్చుని చేస్తున్నది.

వీధి దీపాలు వెలిగాయి. పిల్ల లేచి గదిలో లైటు వేసింది. నడిపి వెంటనే చెయ్యెత్తాడు.

"ఇంక చాలు. బల్బు కింద రంగు తేల్చగూడదు. మగ్గం కాడ మా నాయన ఒప్పుకునేవాడు గాదు. పగటి వెలుతురులోనే చూడాల."

"అయితే చెరిపేది?" అంది మరదలు, తెర మీద నుంచి కళ్ళు తీయకుండా.

అందరూ నా వైపు చూశారు.

"రేపు ఎండలో చూద్దాం," అన్నాను.

అంతే అయింది. రంగు తేలేదాకా ఎవరూ దేన్నీ చెరపకూడదు అనుకున్నాం. మిషను పాపది. అది ఇంట్లోనే, కిటికీ పక్కన, పొద్దుటి ఎండ పడే చోట ఉండాలంది మరదలు. నడిపి నగరికి పోయే బస్సు మానుకోవాలి. ఆ ఇద్దరూ ఆ పూట అక్కడే పడుకోవాలి. వంగపండు రంగు పోగు మళ్ళీ దొరకదేమోనని, పాప దాన్ని చిన్న టేపు ముక్కతో తెర అంచుకు అంటించింది. తెల్లారేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని కూడా నిర్ణయించాం.